సెకనుకి ఆరుసార్లు

సైన్సమ్మ చెయ్యి వణకడం ఆ బడిలో కొత్త సంగతేమీ కాదు. ఏడెనిమిదేళ్లుగా వణుకుతూనే ఉంది. బోర్డు మీద ఆమె గీసిన గీతకి సన్నటి అలలుండేవి. పిల్లలు ఎవరి పుస్తకంలోనైనా స్కేలు జారి గీత వంకరపోతే "సైన్సమ్మ గీతలే, మార్కులు పోవు" అని నవ్వుకునేవాళ్లు. ఆమె వినీ విననట్టు ఊరుకునేది. ఆ నవ్వులో విషం లేదని ఆమెకు తెలుసు.

విషం తరవాత వచ్చింది. ఒకరోజు తొమ్మిదో తరగతిలో మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ల గ్లాసు ఆమె చేతిలోంచి జారి, ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి బట్టల మీద ఒలికింది. అమ్మాయికేమీ కాలేదు. సైన్సమ్మే కుళాయి దగ్గరికి తీసుకెళ్లి కడిగింది. మరక మాత్రం పోలేదు. గోరంతని కొండంత చేసేవాళ్లకి ఆ మరక చాలు. సాయంత్రానికి నీలం నీళ్లు ఆసిడ్ అయ్యాయి. మర్నాటికి "ఆవిడ తాగి వస్తుందట" అన్న మాట బడి గేటు దాటింది. వీధి చివర మందుల షాపు దగ్గరా, బస్సు కోసం నిలబడ్డ చోటా మనుషులు ఆమెను చూసి మాట ఆపేయడం మొదలైంది.

సరిగ్గా ఆ వారంలోనే బడికి సెన్సర్ల పెట్టె వచ్చింది. అరచేతిలో పట్టే తెల్లని డబ్బీలు, వాటికి తోకల్లాంటి తీగలు. వేడిని కొలిచేదొకటి, పులుపుని, అంటే పీహెచ్‌ని, కొలిచేదొకటి, కదలికని కొలిచేదొకటి. తీగను కంప్యూటర్‌కి తగిలిస్తే తెర మీద గ్రాఫు దానంతటదే నడుస్తుంది. వాటి కోసం మూడేళ్లుగా ఊళ్లో ఉన్న ప్రతి ఆఫీసుకీ తిరిగి, బతిమాలి తెప్పించింది సైన్సమ్మే. పెట్టె విప్పడానికి కత్తెర పట్టుకుని వెళ్లేసరికి అది ల్యాబులో లేదు. హెడ్మాస్టరు గారు పిలుస్తున్నారని కబురొచ్చింది.

హెడ్మాస్టరు మెత్తని మనిషి. చెడ్డమాట చెప్పాల్సి వస్తే ముందు కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పిస్తాడు. ఆ రోజు రెండూ చేశాడు.

"టీచర్ గారూ, మరోలా అనుకోకండి. మీరు పాఠం చెప్పండి. మీరు చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. ప్రాక్టికల్స్ మాత్రం ఇక మీదట కంప్యూటర్ సారు చూసుకుంటాడు. ఆ పెట్టె కూడా అతని దగ్గరే ఉంటుంది."

"ఎందుకండీ?"

"అంటే... తల్లిదండ్రులు ఏవేవో అంటున్నారు."

"ఏమంటున్నారు?"

ఆయన కళ్లెత్తి ఫ్యాను వంక చూశాడు. "నోటితో చెప్పలేనివి."

"నోటితో చెప్పలేనివి మనసుతో నమ్మేశారన్నమాట."

"నేను నమ్మానని అన్లేదు. కానీ నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా జనం."

"అది పొగ కాదండీ, మంచు. దూరంనించి చూసినవాళ్లకి పొగలాగే ఉంటుంది." ఆమె లేచింది. మంచినీళ్లు ముట్టలేదు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణుకుతాయి, తొణికితే ఆయన చూస్తాడు. గుమ్మం దాకా వెళ్లాక తన మీద తనకే కోపం వచ్చింది. వెనక్కి వచ్చి, రెండు చేతులతో గ్లాసెత్తి, సగం మెడ మీద పోసుకుంటూ అయినా సరే మొత్తం తాగి, టక్కున బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే భర్త కుట్టుమిషను ఆపాడు. ఆయన దర్జీ. ముందుగదే దుకాణం. గొడవంటే ఆయనకి మహా భయం. "పోనిద్దూ. రాజీనామా ఇచ్చేసి హాయిగా నా పక్కన కూర్చో. చిన్నచిన్న పనులు, గుండీలు కుట్టడం లాంటివి..."

"గుండీలా? ఈ చేత్తోనా?" అంది ఆమె, చెయ్యి ఆయన ముక్కు ముందు ఆడిస్తూ. ఆయనకీ నవ్వాగలేదు, ఆమెకీ ఆగలేదు.

నవ్వనిది ఆమె తల్లి ఒక్కతే. వాకిట్లో పీట మీద కూర్చుని బట్టముక్కలు సంచిలో సర్దుతున్న ముసలావిడ తలెత్తకుండానే అంది, "మీ నాన్నకీ ఇదే కదే."

ఆమెకు తెలియని సంగతి కాదు. తండ్రి దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నలభై దాటాక చెయ్యి వణకడం మొదలైంది. అక్షరం కదిలిందంటే బోర్డు పనికిరాదు. జనం తాగుబోతన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆయన తాటిచెట్టు నీడకి కూడా పోలేదు, అయినా అన్నారు. పనులు రావడం మానేశాయి. ఆయన కుంచెలు గుడ్డలో చుట్టి అటక మీద పడేసి, మిగతా బతుకంతా చేతులు తొడల కింద పెట్టుకుని గోడకేసి చూస్తూ గడిపాడు.

"ఒక్కడినైనా నిలబెట్టి అడగలేదు ఆయన," అంది తల్లి. "నేనూ అడగనివ్వలేదు. గొడవెందుకు, పరువు పోతుందన్నాను. అడక్కపోవడం వల్లే పోయిందే పరువు. నీ ఇష్టం, ఉద్యోగం ఉంచుకుంటావో వదులుకుంటావో. తొడల కింద మాత్రం పెట్టుకోకు చేతులు."

రెండు రోజులు పోయాక కంప్యూటర్ సారు వరండాలో ఆమెను ఆపాడు. పాతికేళ్ల కుర్రాడు.

"మేడమ్, ఆ పులుపు సెన్సరు పిచ్చెక్కినట్టు చేస్తోంది. నిమ్మరసంలో పెడితే తొమ్మిదంటోంది. తొమ్మిదంటే సబ్బు నీళ్లు కదా. శుక్రవారం బడి కమిటీ ప్రెసిడెంటు గారు చూడ్డానికి వస్తున్నారు. నాకేం పాలుపోవడం లేదు."

"సరిచూశావా దాన్ని?"

"సరిచూడ్డమంటే? తగిలించాను, ఆన్ చేశాను..."

సమాధానం ఆమె నాలుక చివరే ఉంది. కొత్త సెన్సరుకి ముందు తెలిసిన ద్రావణాలు రెండు చూపించి, ఇది నాలుగు, ఇది ఏడు అని నేర్పాలి. పది నిమిషాల పని. చెప్పబోయి ఆగింది.

"సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కసారి వస్తారా మేడమ్? ఎవరికీ తెలియనివ్వను," అన్నాడతను.

"అదే వద్దు బాబూ. నువ్వు మంచివాడివే, నీ మీద నాకు కోపం లేదు. కానీ పగలు నా చెయ్యి పనికిరాదన్న గదిలోకి సాయంత్రం దొంగలా వచ్చి పని చేసిపెట్టను. నా ల్యాబు అది. వస్తే తలుపు తీసుకునే వస్తాను."

కుర్రాడు తల దించుకుని వెళ్లిపోయాడు. ఆ పూటంతా ఆమె మనసు పీకుతూనే ఉంది. తన పంతానికి పిల్లలు తప్పు అంకెలు రాసుకోవాలా? చివరి గంట కొట్టే వేళకి అతనే మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.

"మేడమ్, శుక్రవారం మూడో పీరియడ్ మీకు తొమ్మిదో తరగతే కదా. పిల్లల్ని తీసుకుని ల్యాబుకే రండి. అప్పుడే ప్రెసిడెంటు గారు కూడా వస్తారు. అడిగితే నేనే పిలిచానని చెబుతాను."

ఆమె అతన్ని కాసేపు చూసింది. "ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. భయం లేదూ?"

"ఉంది మేడమ్," అన్నాడు.

శుక్రవారం మూడో గంట కొట్టగానే సైన్సమ్మ తొమ్మిదో తరగతిని వరసగా నడిపించుకుంటూ ల్యాబులోకి వెళ్లింది. బల్లల మీద దుమ్ము తుడిపించింది, కిటికీలు తీయించింది. పులుపు సెన్సరు తీసుకుని అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. చేత్తో పాటు అదీ వణికింది. ఆమె దాచలేదు.

"దీనికి పుట్టుకతో ఏమీ తెలీదు. తెలిసినవి రెండు చూపించి నేర్పితే, తెలియనిది కొలిచి చెబుతుంది. నేర్పకుండా అడిగితే నోటికొచ్చింది వాగుతుంది. మనుషుల్లాగే."

రెండు మోచేతులూ బల్లకి ఆనించి, గ్లాసుని స్టాండులో బిగించి, సెన్సరు కొసని మంచినీళ్లలో కడిగి, మెత్తటి కాగితంతో అద్దింది. నాలుగో నంబరు ద్రావణంలో ముంచి, తెర మీద అంకె పరుగు ఆపేదాకా ఆగమంది. ఆగాక ఒక పిల్లవాడు మీట నొక్కాడు. మళ్లీ కడిగి, అద్ది, ఏడో నంబరులో ముంచింది. మళ్లీ ఆగారు. ఆ తరవాత నిమ్మరసం. తెర మీద రెండున్నరకి కాస్త తక్కువగా, నిమ్మరసానికి ఉండాల్సిన చోటే, అంకె నిలబడింది. కంప్యూటర్ సారు గట్టిగా ఊపిరి వదలడం చివరి బెంచీదాకా వినిపించి పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఇప్పుడు కదలిక సెన్సరు. దేన్ని కొలుద్దాం?"

ఆ తరగతిలో ఒక పిల్లకి 'ఎందుకమ్మ' అని పేరు. అన్నం తినమన్నా ఎందుకని అడుగుతుందని వాళ్లమ్మే పెట్టిన పేరది. నీలం నీళ్లు ఒలికింది కూడా ఆ పిల్ల మీదే. దాని చూపు టీచరు చేతి మీద వాలి, చటుక్కున నేల మీదికి జారింది. సైన్సమ్మ అది చూసింది.

"నేల మీద ఏం లేదమ్మా. చూసినదాని గురించే అడుగు."

పిల్ల లేచి నిలబడింది. "మీ చెయ్యి ఎందుకు వణుకుతుంది టీచర్?"



"చెబుతాను. దానికి ముందు, టీచరు తాగుతుంది, అందుకే వణుకుతుంది అన్న మాట వినని వాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. తొమ్మిదో తరగతి మొత్తం కాళ్ల వేళ్లు లెక్కపెట్టుకుంటోంది. అందరూ విన్నారన్నమాట. ఒక్కరైనా మిగలలేదన్నమాట.

"తాగుడు వల్ల కాదు. మెదడు చేతికి పంపే సందేశంలో చిన్న తేడా. కొన్ని కుటుంబాల్లో తండ్రినుంచి బిడ్డకి వస్తుంది. మా నాన్నకి ఉండేది, నాకు వచ్చింది. అంటుకోదు. మందుతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎందుకన్నది డాక్టరు చెప్పింది. ఎంతన్నది ఇవాళ మనమే కొలుద్దాం."

ముందు బల్ల సమంగా ఉందో లేదో చూడమంది. గోళీ పెడితే ఎడమకి దొర్లింది. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు. గోళీ కదలకుండా నిలబడ్డాక సెన్సరుని బాణం గుర్తు పైకి ఉండేలా ఒకసారి, కిందికి ఉండేలా ఒకసారి పడుకోబెట్టి, భూమి లాగుడు ఎంతో దానికి నేర్పారు. అప్పుడు సైన్సమ్మ చెయ్యి చాపింది. ఎందుకమ్మ వచ్చి, డబ్బీని ఆ చేతి మీద పెట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది. పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి.

తెర మీద గీత కదిలింది. లేచి, వాలి, లేచి, వాలి, నిద్రపుచ్చే ఊయలలాగా.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో హెడ్మాస్టరూ, ఆయన వెనక కమిటీ ప్రెసిడెంటూ కనిపించారు. ప్రెసిడెంటుకి ఇనుప సామాన్ల దుకాణం ఉంది. కంఠం కూడా ఇనుమే.

"టీచర్ గారూ, ఇదేమిటి? మీకు చెప్పాను కదా..." అన్నాడు హెడ్మాస్టరు.

"నేనే రమ్మన్నానండీ," అన్నాడు కంప్యూటర్ సారు. గొంతు కీచుమంది కానీ మాట పూర్తయింది.

"పాఠం జరుగుతోందండీ. కూర్చుంటే కూర్చోండి," అని సైన్సమ్మ పిల్లల వైపు తిరిగింది. "ఏమంటోంది సెన్సరు?"

"సెకనుకి ఒక్కసారి ఊగుతోందంటోంది టీచర్."

"మీ కళ్లేమంటున్నాయి?"

"అబద్ధం టీచర్!" అంది ఎందుకమ్మ. "మీ చెయ్యి గబగబా ఊగుతోంది. అంత నిదానంగా లేదు."

"మరి సరిచూసిన సెన్సరు అబద్ధం ఎందుకు చెబుతోంది? సెకనుకి ఎన్నిసార్లు చూడమన్నాం దాన్ని?"

కంప్యూటర్ సారు తెర దగ్గరికి వంగి నాలుక కరుచుకున్నాడు. "ఐదుసార్లే మేడమ్. నిన్న వేడి కొలవడానికి అలా పెట్టి, మార్చడం మరిచిపోయాను."

"అదీ సంగతి. సెకనుకి ఐదుసార్లే కళ్లు తెరుస్తోంది. తెరిచినప్పుడు చూసింది నిజమే. కానీ మధ్యలో ఏం జరిగిందో చూడకుండా, చుక్కకీ చుక్కకీ తనకి తోచిన గీత కలిపేస్తోంది. అప్పుడప్పుడూ చూసి అంతా చూశామనుకుంటే ఇలాంటి బొమ్మే వస్తుంది." ఆమె గుమ్మం వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

వందసార్లు చూడమని మార్చారు. ఈసారి గీత ఊయల కాదు, రంపపు పళ్లు. ఒక్క సెకను మేర తెరని సాగదీసి పిల్లలు గట్టిగా లెక్కపెట్టారు. ఆరు. ఇంకో సెకను చూశారు. అదీ ఆరే. ఆ అంకెను ఆమె తన చేత్తోనే బోర్డు మీద రాసింది. అలలున్న ఆరు.

ప్రెసిడెంటు దగ్గాడు. "బాగుందమ్మా. చదువుకున్నవాళ్లు, మీకు చెప్పేంతవాణ్ని కాను. కానీ రేపు ఆసిడ్ ఒలికితే ఎవరు పూచీ? పిల్లల మధ్య పనిచేసే చెయ్యి ఇలా ఉండాలి." అంటూ చొక్కా చెయ్యి పైకి తోసి, బారుగా చాపి పట్టుకున్నాడు.

"అలాగే ఉంచండి," అంది సైన్సమ్మ తన చేతికున్న సెన్సరు విప్పుతూ. "కట్టమ్మా సారుకి."

ఎందుకమ్మకి రెండోసారి చెప్పనవసరం లేకపోయింది. ఆయన వద్దనేలోపే రబ్బరు బ్యాండ్లు పడ్డాయి. తెర మీద గీత ముందు బల్లపరుపుగానే కనపడింది. కంప్యూటర్ సారు దాన్ని పెద్దది చేశాడు. సన్నటి పళ్లు మొలిచాయి. పిల్లలు లెక్కపెట్టారు. తొమ్మిది.

"ఇదేం మిషనమ్మా, తప్పు చూపిస్తోంది!"

"అయ్యుండొచ్చు. అనుమానం వస్తే సరిచూసుకోవాలి." సెన్సరు తీసి బల్ల మీద పెట్టించింది. గీత నిద్రపోయినట్టు చదునుగా సాగింది. "బల్ల వణకడం లేదండీ."

వెనక బెంచీలో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు గదంతా పాకింది. హెడ్మాస్టరు మీసం నిమురుకునే నెపంతో నోరు మూసుకున్నాడు. సైన్సమ్మ నవ్వలేదు. నవ్వు ఆగేదాకా ఉండి మాట్లాడింది.

"బతికున్న ప్రతి చెయ్యీ వణుకుతుందండీ. మీది కళ్లకి ఆనదు. నాది మీదానికన్నా చాలా పెద్దది, కాదనను. అందుకే నేను గ్లాసుని స్టాండులో బిగించకుండా దేన్నీ పొయ్యను. మోచెయ్యి ఆనించకుండా దేన్నీ ఎత్తను. ఆ రోజు నీలం నీళ్లు ఒలికింది నా తప్పే. గంట కొట్టేస్తారని తొందరపడి ఒంటి చేత్తో పట్టుకున్నాను. ఈ పిల్లకి ఆ రోజే చెప్పాను, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను, తప్పే. తాగి వచ్చానన్నది మాత్రం నా తప్పు కాదు. అదెవరి తప్పో వాళ్లొచ్చి ఇలాగే పదిమందిలో చెప్పాలి."

ప్రెసిడెంటు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "ఆలోచిద్దాం," అని హెడ్మాస్టరుతో అని, వచ్చిన దారినే వెళ్లాడు. ఆయన వెళ్లాక పిల్లలు తమ చేతులకీ కట్టమని ఎగబడ్డారు. గంట కొట్టినా గది ఖాళీ కాలేదు.

సోమవారం హెడ్మాస్టరు పిలిచాడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించలేదు.

"కమిటీ ఒప్పుకుంది టీచర్ గారూ. ల్యాబు మీదే. ఒకటే షరతు. మీరు ప్రాక్టికల్స్ చేయించేటప్పుడు కంప్యూటర్ సారు పక్కనే నిలబడి ఉండాలి."

"దేని పక్కన? ఆసిడ్ సీసా పక్కనా, నా పక్కనా?"

"అది... మీ పక్కన."

"సీసా పక్కనైతే ఒప్పుకుంటాను. ఘాటు ఆసిడ్ అతనే పోసి పెడతాడు. ఆ మాట మీరు అడగక ముందే మేమిద్దరం అనుకున్నాం. నా పక్కన కాపలా మాత్రం ఒప్పుకోను."

"కమిటీ మాట కాదంటే చర్య తీసుకోవాల్సి వస్తుందండీ. నా చేతుల్లో ఉండదు."

"తీసుకోండి. ఎందుకు తీసుకున్నారో ఆ కారణం మాత్రం తొమ్మిదో తరగతిలో నిలబడి మీరే చదవండి. ఆ ఎందుకమ్మ ఊరుకోదు, ముందే చెబుతున్నాను."

ఆయన కళ్ల ముందు ఆ పిల్ల లేచి నిలబడ్డట్టే ఉంది. చివరికి, "మీ తరగతికి వేళవుతోంది, వెళ్లండి," అన్నాడు.

ఆమె వెళ్లింది. చర్య రాలేదు. క్షమాపణా రాలేదు. ఆ మాట పుట్టించినవాళ్లెవరో ఇవాళ్టికీ తెలియదు. ఊరి నోరు ఒక్క గ్రాఫుతో మూతపడుతుందా! మందుల షాపు దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఇప్పటికీ కొందరు ఆమె పలకరించగానే మాటకి జవాబు ఇవ్వడం మాని వాసన కోసం ముక్కు ఎగబీలుస్తారు. వాళ్లకి శ్రమ ఎందుకని సైన్సమ్మ ఇంకో అడుగు ముందుకేసి, మొహంలో మొహం పెట్టి, తీరిగ్గా కుశలమంతా అడిగి మరీ వెళ్తుంది.